కుడి పక్క పదిహేడు బటన్లు

మా ఆయన ఒకచోట కుదురుగా ఉండగా నేను చూసింది తక్కువ. పళ్లు తోముకుంటూ వీధి గుమ్మం దాకా వెళ్లొస్తాడు. టీ తాగుతూ గదులన్నీ తిరుగుతాడు. ఫోను మోగితే చెప్పులేసుకుని మరీ మాట్లాడతాడు. "కాలు కాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు, కూర్చోండి కాసేపు" అని ఇరవై ఆరేళ్లుగా అరుస్తూనే ఉన్నాను. అలాంటి మనిషి కదలకుండా కూర్చునేది ఒక్కచోటే, లారీలు తూచే కాటా దగ్గర, కిటికీ పక్క కుర్చీలో.

కాటా అంటే రోడ్డు పక్కన నేలకు సమంగా పరిచిన పెద్ద ఇనప పలక. దాని మీదికి లారీ ఎక్కగానే గదిలో ఎర్రటి అంకెల్లో బరువు పడుతుంది. ఆ బరువూ, బండి నంబరూ కంప్యూటర్లో కొట్టి చీటీ ఇవ్వడం ఈయన పని. పంతొమ్మిదేళ్లుగా అదే పని, రోజుకు నూటయాభై బండ్లు. కీబోర్డు వంక చూడకుండా కుడిచేత్తో టకటకా అంకెలు కొడుతుంటే, ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నాకే ముచ్చటేసేది.

పది నెలల కిందట చూపు పాడైంది. పక్కనున్నవి కనబడతాయి, సూటిగా చూసిందే కనబడదు. నడిమధ్యన మసక. ఎర్ర అంకెలు అరచేతంతేసి ఉంటాయి కాబట్టి తల పక్కకు తిప్పి ఎలాగో చదివేస్తాడు. బండి నంబరు మాత్రం డ్రైవర్నే గట్టిగా చెప్పమంటాడు. "నీ కళ్లెదుటే ఉందిగా బాబాయ్" అని వాళ్లు నవ్వితే, "నువ్వు నిద్రలో ఉన్నావో మెలకువలో ఉన్నావో నాకు తెలియొద్దట్రా" అని దబాయిస్తాడు. ఇక కీబోర్డంటారా, దాన్ని చూడాల్సిన పనే లేదు. కుడి పక్క పదిహేడు బటన్లు, మధ్యలో ఐదు మీద చిన్న బొడిపె. వేలికి ఆ బొడిపె తగిలిందంటే మిగతా అంకెలన్నీ దొరికినట్టే.

ఆ బొడిపె కాస్తా అరిగిపోయింది. ఒకరోజు చెయ్యి ఒక వరుస కిందికి జారింది, ఈయనకి తెలియలేదు. పదిహేడు వేల నాలుగు వందల ఎనభై కిలోల రాళ్ల లారీకి నాలుగు వందల పదిహేను కిలోలని చీటీ ఇచ్చాడు. డ్రైవరు పడీపడీ నవ్వాడట. "బాబాయ్, ఈ బరువు మా ఇంటిల్లిపాదీ కాటా ఎక్కినా వస్తుంది!" ఇంటికొచ్చి ఈయనా నవ్వుతూనే చెప్పాడు గానీ, ఆ రాత్రి పక్క మీద నడుం వాల్చలేదు. మర్నాడు నేనే వెళ్లి ఐదు మీద గోళ్లరంగు చుక్క పెట్టి, ఆరాక మరో రెండు చుక్కలు పెట్టి బొడిపె చేసొచ్చాను. అవును, ఆ దాపరికంలో నాకూ వాటా ఉంది.

కళ్ల డాక్టరమ్మ మొదటిరోజే నాన్చకుండా చెప్పింది. "కంట్లో నెలనెలా ఇంజెక్షన్ వేయాలి. వేస్తే ఉన్న చూపు నిలవొచ్చు. పోయింది తిరిగి రాదు. ఆలస్యం చేస్తే ఉన్నదీ పోతుంది." బుద్ధిగా తలూపి వచ్చాడు. మళ్లీ వెళితే ఒట్టు! సెలవు అడిగితే ఎందుకంటారు, కళ్ల కోసమంటే ఆ కుర్చీలో కూర్చోనివ్వరు, అదీ ఆయన భయం. పోరగా పోరగా "వచ్చే నెల చూద్దాంలే" అంటాడు. అలాంటి వచ్చే నెలలు తొమ్మిది గడిచాయి.

ఇంతలో ఎలుకల పుణ్యమా అని కాటా గదిలో కీబోర్డు వైరు తెగింది. ఈసారి వైర్‌లెస్‌ది కొనుక్కురమ్మన్నాడట ఓనరు. "కుడి పక్క అంకెల బటన్లు, ఆ నంబర్ ప్యాడ్ లేనిదైతే బల్ల మీద చోటు కలిసొస్తుంది. అయినా కొట్టేది మీరు, మీ ఇష్టం" అన్నాడట. అట్టపెట్టెల మీద రాసింది చదివి పెట్టడానికి నన్ను వెంటేసుకుని ఆ మధ్యాహ్నమే బయల్దేరాడు.

మూడు షాపులు తిప్పాడు. ఒకదానికి ఐదు మీద బొడిపె లేదు. ఇంకోదానికి బాణం గుర్తుల బటన్లు అంకెలకు ఆనుకునే ఉన్నాయి, మధ్యలో సందు లేదు. అన్నిటినీ తడిమి చూడటం, పక్కన పడేయడం. మూడో షాపులో అమ్మాయి ఓపిగ్గా నచ్చజెప్పింది.

"నంబర్లు వీటికీ ఉన్నాయి అంకుల్, ఇదిగో పైవరుసలో. ఇప్పుడందరూ చిన్నవే తీసుకుంటున్నారు. మౌస్ దగ్గరగా ఉంటుంది, చెయ్యి లాగదు."

"నా చెయ్యి లాగితే లాగనీ అమ్మా, నంబర్లు పక్కనున్నదే తియ్యి. పైవరుసలో అంకెలు వెతుక్కుంటూ కూర్చుంటే వెనక లారీలు బారులు తీరతాయి."

ఆ అమ్మాయి లోపల్నించి మరొకటి తెచ్చింది. ఈయన కళ్లు ఎటో పెట్టి, వేళ్లు దాని మీద పెట్టాడు. మొహం వెలిగిపోయింది. నా చెవి దగ్గరకొచ్చి, "ఇదే! ఇది దొరికిందంటే ఇంకో రెండేళ్లు నాకు ఢోకా లేదు" అన్నాడు.

రెండేళ్లా? రెండేళ్లకి ఈ మనిషికి నా మొహం కనబడుతుందా? ఈయన మాత్రం బిల్లు అయ్యేదాకా కూడా నిలబడలేక, "కట్టించుకుని రా" అని వీధిలోకి వెళ్లిపోయాడు. అద్దంలోంచి చూస్తున్నాను, ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకటే తిరుగుడు.

"అది వద్దమ్మా, నంబర్ ప్యాడ్ లేనిది కట్టు" అన్నాను.

"అంకుల్‌కి అదే నచ్చింది కదా ఆంటీ?"

"నచ్చిందనే వద్దంటున్నాను."

పెట్టె చంకలో పెట్టుకుని ఈల వేసుకుంటూ నడిచాడు. వెనక నేను. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ ఎండ సంగతేదో మాట్లాడాను. ఇంటికెళ్లాక విప్పబోతే, "ఇక్కడ విప్పి దుమ్ము పట్టించకండి, రేపు అక్కడే విప్పుకోండి" అని గద్దించాను. ఆ సాయంత్రం కూర్చోలేకపోయింది నేను. చేసిన పనే మళ్లీ చేశాను, తుడిచిన గట్టే మళ్లీ తుడిచాను.

పొద్దున్నే మందులషాపులో పనుందని వంక పెట్టి నేనూ వెంట వెళ్లాను. కాటా మీద ఇసుక లారీ ఎక్కి ఉంది. గదిలో ఓనరు నిలబడే ఉన్నాడు. ఈయన పెట్టె విప్పి కీబోర్డు బల్ల మీద పెట్టి, ఎప్పటిలాగే కుడిచెయ్యి జాపాడు. చెయ్యి వట్టి బల్ల మీద పడింది. పక్కకు జరిపాడు. మళ్లీ బల్లే. కీబోర్డు అంచు పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసదాకా తడిమాడు.

"ముప్ఫై ఒకటి సున్నా ఎనిమిది!" అని అరిచాడు డ్రైవరు. వెనక మరో లారీ హారన్ కొట్టింది.

"కానివ్వండి, ఏమైంది?" అన్నాడు ఓనరు.

"షాపువాళ్లు తప్పుది కట్టారండీ."

"తప్పుది కట్టలేదు. నేనే అడిగి కట్టించాను" అన్నాను గుమ్మంలోంచి.

నా వైపు తిరిగాడు. సూటిగా చూశాడు, అంటే నేను కనబడలేదన్నమాట. తర్వాత ముక్కు ఆనేంతగా కీబోర్డు మీదికి వంగి, తల అటు తిప్పి ఇటు తిప్పి, పైవరుసలో మూడు కోసం వెతికాడు. నాలుగు నొక్కాడు. ఓనరు అంతా చూస్తూనే ఉన్నాడు. ఈయన కుర్చీలోంచి లేచి, "నాకు కనబడటం లేదండీ. పది నెలలైంది" అన్నాడు.

ఓనరు తిట్టలేదు, ఓదార్చనూ లేదు. తనే కూర్చుని ఒంటి వేలితో ఆ లారీ చీటీ కొట్టి, "ముందు కళ్లు చూపించుకోండి" అన్నాడు.

ఆ కుర్చీలో ఇప్పుడు ఓనరు బావమరిది కూర్చుంటున్నాడు. ఈయన్ని గేటు దగ్గర లారీలను వరుసలో పెట్టే పనికి మార్చారు. ఐదు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, నీళ్లిస్తే తాగాడు, అంతే. ఆరో రోజు ఆస్పత్రికి కూడా నోరు మెదపకుండానే వచ్చాడు. ఇంజెక్షన్ వేశాక డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచి, ఎడమ కన్ను నిలబెట్టవచ్చు, కుడి కంటి మీద ఆశ వదులుకోండి అంది.

బయట బెంచీ మీద పక్కన కూర్చున్నాను. కంటికి కట్టు ఉంది. నా వైపు తిరక్కుండానే, "నాకొక్క మాట చెప్పి ఉండొచ్చు కదే" అన్నాడు.

"చెబితే ఒప్పుకునేవారా?"

ఆలోచించాడు. అబద్ధం ఆడతాడేమో అనుకున్నాను.

"లేదు. నాలుగో షాపుకి వెళ్లేవాణ్ణి" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఎదురుగానే వెక్కివెక్కి ఏడ్చాను.