సాల్మన్ బావ పగలగొట్టిన మూడు దిమ్మలు

నిన్న పొద్దున టీ తాగుతుంటే ఫోన్. సాల్మన్ బావ కూతురు మేరీ.

"మావయ్యా, నాన్న లేరండీ..."

గ్లాసు కింద పెట్టేశాను. తర్వాత ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు.

బావ అంటే చుట్టరికం కాదు. ఆయన గూడూరు క్రిస్టియన్, నేను గుడివాడ సాయిబుని. అరవైల్లో బందరులో ఒక కాంక్రీట్ టెస్టింగ్ ల్యాబ్‌లో కలిసి పనిచేశాం. అప్పటినుంచీ బావే.

ఈ రోజు సమాధుల తోటలో మట్టి వేస్తుంటే వెనక ఎవరో అన్నారు. "మామూళ్లు ఇవ్వలేదని మా ఊరి వంతెన పడగొట్టించింది ఈయనే కదూ!"

విన్నాను. నోరు మూసుకునే నిలబడ్డాను. ఛీ, నా బతుకు!

అందుకే ఇది రాస్తున్నాను.

దివిసీమలో బావ అత్తారి ఊరికి కాలువ మీద వంతెన కడుతున్నారు. స్లాబు పోసిన రోజే అదే కాంక్రీటుతో మూడు చిన్న దిమ్మలు పోసి మా ల్యాబ్‌కి పంపారు. అవి ఇరవై ఎనిమిది రోజులు నీళ్ల తొట్టిలో నానాలి, మధ్యలో ఎండితే బలం రాదు. అప్పుడు మెషిన్‌లో పెట్టి, పగిలేదాకా బరువు ఎక్కించి, కాంక్రీటుకి ఎంత బలముందో బావ రిపోర్ట్ రాయాలి.

తొట్టి డ్యూటీ నాది.

మంచి ఎండాకాలం. తొట్టి కడగాలని దిమ్మలు తీసి ఆరుబయట పెట్టాను. అలాగే మర్చిపోయి బక్రీద్‌కి గుడివాడ వెళ్లిపోయాను. అక్కడ జ్వరం. పదిహేను రోజులకి తిరిగొస్తే దిమ్మలు ఎండలోనే ఉన్నాయి. బావ వేరే సైట్‌లో ఉన్నాడు, చూడలేదు. చప్పుడు చెయ్యకుండా మళ్లీ తొట్టిలో పడేశాను.

టెస్ట్ రోజు బావ అడిగాడు. "ఒరే కరీమూ, నీళ్లలోనే ఉన్నాయిగా?"

"ఉన్నాయి బావా."

మూడూ ఆగాల్సిన బరువుకన్నా చాలా తక్కువకే పగిలిపోయాయి. "కాస్త పెంచి రాయవయ్యా, మీ అత్తారి ఊరేగా" అన్నారు పైవాళ్లు.

"మెషిన్ సూది ఎక్కడ ఆగితే అదేనండీ నేను రాసేది."

ఆ రిపోర్ట్ చూసి స్లాబు పగలగొట్టేశారు. ఇంకో ఏడాది ఆ ఊరి జనానికి బల్లకట్టే దిక్కయింది. బావ లంచం అడిగాడని పుకారు లేచింది. మావగారు గుమ్మంలోనే ముఖం తిప్పుకున్నారు. బావ మళ్లీ ఆ ఊరు వెళ్లలేదు. అత్తగారు పోయినప్పుడు కూడా అక్కని ఒక్కదాన్నే పంపాడు.

ఆ స్లాబు గట్టిదే అయి ఉండొచ్చు. కాకపోయి ఉండొచ్చు. ఇక ఎవరికీ తెలియదు.

పోయిన క్రిస్మస్‌కి వాళ్లింటికి వెళ్లాను. చెయ్యి పట్టుకుని అడిగాడు. "ఒరే, ఆ రోజు నేను మెషిన్ సరిగ్గా సెట్ చేశానంటావా? ఇప్పటికీ అదే ఆలోచనరా."

"అవన్నీ ఇప్పుడెందుకు, కేకు తిను బావా" అన్నాను.

అలా అన్నాను. అరవై ఏళ్ల తర్వాత కూడా.

మెషిన్ సరిగ్గానే ఉంది బావా. నువ్వూ సరిగ్గానే చేశావు. దిమ్మలు ఎండలో వదిలేసింది నేను. నీ ముఖం చూసి అబద్ధం చెప్పింది నేను.

మేరీ, ఇది మీ అమ్మమ్మగారి ఊరి గ్రూప్‌లో పెట్టమ్మా. నా పేరు తీసెయ్యకు, అలాగే ఉంచు.

సెలవు బావా. దేవుడి దగ్గరైనా నీ మనసు కుదుటపడాలి.