చెంపదెబ్బ తర్వాతి డైలాగు

స్టూడియోలో అందరూ ఆమెను ఏడుపక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా హిందీ సినిమాల్లో భార్యలు, తల్లులు, చెల్లెళ్లు కార్చిన కన్నీళ్లకు తెలుగు గొంతు ఆమెదే. తలుపు మూస్తే చీమ చిటుక్కుమన్నా వినిపించే గది, నోటికి జానెడు దూరంలో మైకు, ఎదురుగా తెర. తెరమీద పెదాలు విడివడితే ఈమె మాట అందుకోవాలి, మూసుకుంటే ఆపాలి. ఆ పనిలో ఆమెను మించినవాళ్లు లేరు.

ఇక ఆ సినిమాల సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. పిల్ల వద్దంటుంది, వాడు వెంటపడతాడు. మళ్లీ వద్దంటుంది, వాడు మంచుకొండల మీద పాట ఎత్తుకుంటాడు. మూడోసారికి పిల్ల ముసిముసిగా నవ్వుతుంది. ఆ నవ్వూ ఏడుపక్కదే. పెళ్లయ్యాక మొగుడు చెంప పగలగొట్టినా, మర్నాడు ఓ టీ కప్పు చేతికిచ్చి కళ్లు తుడిచాడంటే కాపురం చక్కబడిపోయినట్టే. ఈమధ్య ఈ సినిమాలు తీసేవాళ్లకి సామాజిక స్పృహ కూడా పుట్టుకొచ్చింది. అన్యాయం జరిగేది ఆడపిల్లకి, కోర్టులో పావుగంట ఉపన్యాసం దంచేది హీరో. ఆ పిల్ల పాపం మూల కూర్చుని వెక్కాలి. దెబ్బ తిన్నదానికి ఒక్క మాటైనా రాయలేదేమని ఏడుపక్క ఏనాడూ అడగలేదు. వెక్కమన్నచోట వెక్కి ఇంటికొచ్చేది.

ఒకనాడు మధ్యాహ్నం కూతురు ఒక్క సంచీతో ఇంటికొచ్చింది. ఎడమ చెంప వాచిపోయి ఉంది.

"కొట్టాడమ్మా. ఇది మూ... మూడో... మూడోసారి. నేనింక వెళ్లను."

ఏడుపక్క నోరు తెరిచింది. "కోపంలో చెయ్యెత్తాడు గానీ, అతని మనసు నిండా నువ్వే ఉన్నావు తల్లీ" అనేసింది. చివర్లో చిన్న వణుకుతో సహా, కొలిచినట్టు వచ్చింది మాట.

కూతురు తలెత్తి చూసింది. "ఇది ఏ సినిమాలోదమ్మా?"

ఏడుపక్కకి తల కొట్టేసినట్టయింది. ఆ మాట ఆమె కనీసం పదకొండు సినిమాల్లో చెప్పింది. కడుపున పుట్టిన పిల్లకి చెప్పుకోవడానికి సొంత మాట ఒక్కటీ దొరకనందుకు తనమీద తనకే రోత పుట్టింది.

మర్నాడు సాయంత్రం అల్లుడు పూలగుత్తి పట్టుకుని దిగాడు. గుమ్మం ముందే మోకాళ్లమీద కూలబడ్డాడు.

"అత్తయ్యా, తను లేకపోతే నేను లేను. ప్రేమ ఎక్కువై కొట్టాను. ఈ ఒక్కసారికి పంపించండి."

మాటమాటకీ వెక్కాడు, కళ్లు తుడుచుకున్నాడు. పక్కింటావిడ కిటికీలోంచి చూసి ముక్కు చీదింది. లోపలి గదిలో కూతురు తటపటాయిస్తూ సంచీ అందుకుంది. అమ్మ ఏమంటుందోనని అటే చూస్తోంది.

ఏడుపక్క మాత్రం అల్లుడి మాటలు పట్టించుకోలేదు, అతని ఊపిరి వింటోంది. ప్రతి వెక్కుకీ ముందు గుండెనిండా గాలి పీల్చుకుంటున్నాడు. వాక్యం మధ్యలో తెగకూడదని మైకు ముందు తను చేసేదీ అదే. నిజంగా ఏడ్చేవాళ్లకి ఆ తీరిక ఉండదు. నిన్న తన కూతురు ఒక్క మాట పూర్తిచెయ్యడానికి రెండుసార్లు తడబడింది.

"లేవండి బాబూ" అంది. "ఊపిరి బాగానే పట్టారు. ఇరవై రెండేళ్లుగా నేనూ ఇలాగే ఏడుస్తున్నాను. నాకు ఒక్కనాడూ బాధెయ్యలేదు."

అల్లుడి పెదాలు విడివడ్డాయి. ఆ పెదాలకి గొంతు అరువివ్వకుండా ఏడుపక్క తలుపేసింది.