రెండో ఆటగాడి సెట్టింగ్

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. లోపలికి పోదు, బయటికి రాదు. దానితోనే ఉద్యోగంలో చేరాను. దానితోనే పెళ్లి చేసుకున్నాను. నలుగురిలో నవ్వుతున్నప్పుడు కూడా అది అక్కడే ఉంటుంది. ఇవాళ మీకు చెప్పేస్తాను. నా పేరు మాత్రం చెప్పను. పేరు దాచుకున్నవాడి ఒప్పుకోలుకు విలువేముందని మీరు అడగొచ్చు. నిజమే, ఏముంది? ఆ మాత్రం పిరికితనం నాలో ఇంకా మిగిలుందని తెలుసుకునే చదవండి.

వింటే మీకు నవ్వు రావచ్చు. ఒక వీడియో గేమ్. టీవీ ముందు ఇద్దరు కూర్చుని ఆడే బాస్కెట్‌బాల్. ఇంతోటి దానికా ఈ బరువు అనిపిస్తే తప్పులేదు. నేనూ చాలాకాలం ఆ మాటే చెప్పుకుని కడుపునిండా తిని పడుకున్నాను.

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో షఫీ అన్నకు సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు ఉండేది. పైగదిలో పెద్ద టీవీ, రెండు రిమోట్లు పెట్టి గేమ్ సెంటర్ కూడా ఆయనే నడిపేవాడు. నేను డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాను. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నానని ఇంట్లో చెప్పి పగలంతా ఆ గదిలోనే కూర్చునేవాణ్ణి. ఆ బాస్కెట్‌బాల్ ఆటలో నాకు ఎదురు లేదు. ఒక్కడి మీద ఒక్కడు. బుట్ట ఒకటే. ముందుగా పదకొండు పాయింట్లు చేసినవాడిది గెలుపు.

నా దాడి చూడటానికే జనం పైకి వచ్చేవాళ్లు. కుడికి దూకుతున్నట్టు చేసి ఎడమకు తిరిగేవాణ్ణి. బంతి విసురుతున్నట్టు చేతులు పైకెత్తి, ఎదుటివాడు కంగారుపడి గాల్లోకి ఎగిరాక, తీరిగ్గా వాడి పక్కనుంచి పోయి బుట్టలో వేసేవాణ్ణి. ఇక కాచుకోవడం అంటారా, నాకు తెలిసింది ఒకటే: బంతి లాక్కునే బటన్‌ను దడదడా నొక్కడం. అక్కడికి అదే ఎక్కువ. ఎందుకంటే ఆ గదికి వచ్చేవాళ్లంతా చవటలు. చవటల మధ్య మొనగాణ్ణి నేను. నలుగురు ఈల వేస్తే ఊరంతా నాదేననుకున్న వెధవను.

కింద షాపులో మాలకొండయ్య పనిచేసేవాడు. నా ఈడువాడే. ఉదయగిరి దాటి సీతారామపురం పోయే దారిలో వాళ్ల ఊరు. గొర్రెలు మేపుకునే ఇల్లు. రెండేళ్లలో పని నేర్చుకుని, పగిలిన స్క్రీన్లు షఫీ అన్న కంటే శుభ్రంగా బిగించేవాడు. షాపు తాళం కూడా అతని దగ్గరే ఉండేది. నాకు అతనంటే చులకన. ఎందుకని అడక్కండి, కారణం లేదు. "గొర్రెల వాసన వస్తా ఉండాదిరా" అని నేనంటే గదిలో అందరూ నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు. అతను నవ్వినందుకు నాకు ఇంకా ఒళ్లు మండేది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక అతనూ పైకి వచ్చి ఆడటం మొదలుపెట్టాడు. మొదట్లో చిత్తుగా ఓడిపోయాడు. కొన్నాళ్లు ఆడటం మానేసి గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. మళ్లీ రిమోట్ పట్టుకున్న రోజు నాకేమీ అర్థం కాలేదు. నా బొమ్మ ఎటు పోతే అతని బొమ్మ అటే వచ్చేది. ఒక అడుగు దూరంలో, నాకూ బుట్టకూ మధ్య, ఊరికే నిలబడేది. నేను ఎన్ని వంకర్లు తిరిగినా ఎగరలేదు, మీదికి దూకలేదు. విసుగెత్తి నేను బంతి విసిరాక మాత్రం చేయి పైకెత్తి ఆపేసేది. పదకొండు ఎనిమిదితో ఓడిపోయాను. ఆ గదిలో అది నా మొదటి ఓటమి.

మర్నాడు ఎవరూ లేనప్పుడు అడిగాను. ఆ మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఏం రా, ఏ బటన్ నొక్కతా ఉండావు?"

"ఏదీ నొక్కనన్నా."

"మరి బంతి నీకెట్టా దొరకతా ఉండాది?"

"నువ్వే ఇస్తా ఉండావు" అన్నాడు నవ్వుతూ. "గొర్రె మందలోంచి తప్పించుకునేటప్పుడు తల ఇటు తిప్పి అటు దూకతాది. తలకాయ చూసినోడు మోసపోతాడు. నడుం చూడాల. నీ బొమ్మ గూడా అంతే. చేతులు ఏం చేసినా నేను చూడను. నడుం ఎటు తిరిగితే అటు జరుగుతా. నువ్వు ఎగిరినాకే ఎగరతా. లాక్కుందామని మీదికి పోయినానంటే అయిపోయినా."

"మరి కొట్టేటప్పుడు?"

"నువ్వు శానా తొందరపడతావన్నా. బంతి నీ దగ్గర్నే ఉండనీ. ఎదుటోడు ఓపిక పోయి ఒక అడుగు తప్పేస్తాడు. అప్పుడు పో."

ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు. పక్కన కూర్చుని నా వేళ్లు పట్టుకుని చూపించాడు కూడా. నేనైతే చెప్పేవాణ్ణా? ప్రాణం పోయినా చెప్పను. అతను చెప్పిందంతా నేర్చుకున్నాను. అయినా అతన్ని గెలవలేకపోయాను, ఎందుకంటే నేర్చుకున్నవాడికీ, తెలిసినవాడికీ తేడా ఉంటుంది. వరసగా ఓడిపోయాను. ఈలలు అటు మళ్లాయి. ఎవరు మొనగాడో ఆదివారం పొద్దున పదకొండింటికి తేల్చుకోమని షఫీ అన్న సరదాగా అన్నాడు. అందరికీ అది సరదా. నాకు కాదు.

ఆదివారం తొమ్మిదింటికే వెళ్లాను. మాలకొండయ్య ఒక్కడే ఉన్నాడు. షాపు ఊడ్చి, పైగది తలుపు తీశాడు. "కూర్చో అన్నా, టీ తెస్తా" అని నన్ను అక్కడ వదిలి మెట్లు దిగాడు.

అతను టీకి వెళ్లి వచ్చేలోపు నేను చేసిన పని ఇది. ఆటలో సెట్టింగ్స్ తెరిచాను. ఒక్కో ఆటగాడికి వేగం ఎంత, గురి ఎంత, బంతి లాక్కునే శక్తి ఎంత అని గీతలు ఉంటాయి. మొదటి రిమోట్ ఎప్పుడూ నాదే. రెండోది అతనిది. ఆ రెండో ఆటగాడికి బంతి లాక్కునే గీతను ఈ కొస నుంచి ఆ కొసదాకా జరిపి, సేవ్ చేసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. అతను టీ తెచ్చాడు. తాగాను. బాగుందన్నాను కూడా.

గెలుస్తానన్న నమ్మకం ఉంటే ఆ పని చేసేవాణ్ణా? ఆట మొదలుకాకముందే నేను ఓడిపోయాను. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

పదకొండింటికి గది నిండిపోయింది. పదకొండు ఆరుతో ఓడిపోయాను. జనం అతన్ని ఎత్తుకోబోతుంటే లేచి నిలబడి, "షఫీ అన్నా, ఏందో తేడా ఉండాది. ఒకసారి సెట్టింగ్స్ తెరిచి చూడు" అన్నాను. ఆయన తెరిచాడు. గీత అందరికీ కనిపించింది.

మాలకొండయ్య టీవీ వైపు చూడలేదు. నా వైపు చూశాడు. "నేను మార్చలేదన్నా. పొద్దున ఈ అన్న ఒక్కడే పైన ఉండినాడు" అన్నాడు.

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది. "ఓడిపోయేదానికి ఎవుడన్నా ఎదుటోడి సెట్టింగ్ పెంచతాడారా?" అన్నాను.

అందరూ నవ్వారు. అయిపోయింది.

ఆ గదిలో పాతికమంది ఉన్నారు. నెలరోజులుగా అతని ఆట చూసినవాళ్లే. నేను పెంచింది లాక్కునే శక్తిని. అతను లాక్కునే బటన్ ముట్టుకోనే ముట్టుకోడు. ఆ మార్పు వల్ల అతనికి రవ్వంత లాభం లేదు. ఆ ముక్క ఒక్కడికీ తట్టలేదు. నెలరోజులు కళ్లప్పగించి చూసినవాళ్లు ఏం చూసినట్టు? వాళ్లను తిట్టే హక్కు నాకు లేదు. అయినా తిడతాను. వాళ్లు అంత మొద్దులు కాకపోతే నేను ఆ రోజే దొరికిపోయేవాణ్ణి. దొరికిపోయి ఉంటే బాగుండేది.

షఫీ అన్న మొహం మాడిపోయింది. "నిన్ను నమ్మి జనం ఫోన్లు చేతిలో పెట్టినానే" అన్నాడు. "తాళం ఈడ పెట్టి పో."

మాలకొండయ్య జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఎవరో కూల్‌డ్రింకులు తెచ్చారు. గెలిచింది నేనేనని తేల్చారు. తాగాను. ఆ రోజు నేను తిన్నదీ తాగిందీ అంతా గుర్తుంది నాకు.

ఆత్మకూరు ఎంత ఊరు? వారంలో అతనికి 'సెట్టింగోడు' అని పేరు పెట్టారు. ఫోన్లు బాగుచేసే షాపులు ఇంకో మూడు ఉన్నాయి. ఎవరూ పనిలో పెట్టుకోలేదు. కొన్నాళ్లు తిరిగి తిరిగి ఊరికి వెళ్లిపోయాడని విన్నాను. నా పక్కన కూర్చుని చెప్పుకున్నారు. నేను "అయ్యో" అన్నాను.

తర్వాత నాకు ఆత్మకూరులోనే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే పని దొరికింది. ఖాళీ సమయంలో ఆ బాస్కెట్‌బాల్ ఆట గురించి ఫోనులో వీడియోలు చేసి పెట్టడం మొదలుపెట్టాను. ఎట్లా కొట్టాలి, ఎట్లా కాచుకోవాలి. చేతులు చూడకండి, నడుము చూడండి. ముందు ఎగరకండి. ఓపిక పట్టండి. బాగా చెబుతున్నావని, ఎక్కడ నేర్చుకున్నావని కింద రాసేవాళ్లు. నా అంతట నేనే కనిపెట్టానని జవాబిచ్చేవాణ్ణి. మాస్టారూ అని పిలిచేవాళ్లు. పిలిపించుకునేవాణ్ణి. ఒక మనిషి పనీ పరువూ తీసేసి, ఆఖరికి అతని ఆట కూడా తీసుకున్నాను. ఇంత పచ్చిగా ఇప్పుడే అనుకుంటున్నాను. అప్పట్లో దీన్ని తెలివి అనుకున్నాను.

ఇంతటితో అయిపోయి ఉంటే ఈ కాగితం రాసేవాణ్ణి కాదేమో. నా సంగతి నాకు తెలుసు.

మొన్న ఎండాకాలం అడ్మిషన్ల కోసం కాలేజీవాళ్లు మమ్మల్ని ఊళ్లమీదికి తోలారు. ఇంటర్ పాసైన పిల్లల జాబితా, కాలేజీ కరపత్రాలు చేతికిచ్చారు. ఉదయగిరి వైపు నాకు పడింది. సీతారామపురం దారిలో ఒక ఊళ్లో సుజాత అనే అమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. మంచి మార్కులు వచ్చిన పిల్ల. మార్కుల కాగితం పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తుకొచ్చింది. "కంప్యూటర్ గ్రూపు ఉండాదా సార్? హాస్టల్ ఉండాదా?" అని ఊపిరి తిప్పుకోకుండా అడిగింది. నేను చెబుతున్నాను. ఇంతలో గొర్రెల దొడ్డిలోంచి వాళ్ల అన్న బయటికొచ్చాడు.

మాలకొండయ్య.

నేను కరపత్రాలు సర్దుకుంటున్నట్టు తల వంచాను. అతను మాత్రం కాళ్లు కడుక్కుని, మంచం వాల్చి, "కూర్చో అన్నా. బాగుండావా?" అన్నాడు. వాళ్లమ్మ మజ్జిగ తెచ్చింది. "నీ వీడియోలు చూసినా. నడుం చూడమని చెప్తావే, అది బాగా చెప్పినావు" అన్నాడు. ఎత్తిపొడుపా, మామూలుగానే అన్నాడా? ఎంత తవ్వుకున్నా నాకు తేలడం లేదు.

"అన్నా, ఆత్మకూరే గదా, పంపించు" అంది ఆ పిల్ల.

"ఆ ఊరొద్దు పాపా" అన్నాడు. "నన్ను దొంగన్నారాడ. నువ్వు ఫలానావోడి చెల్లెలివా అని ఎవుడన్నా అడిగితే తల దించుకోవాల. నేను ఓర్చుకున్నా. నువ్వెందుకు ఓర్చుకోవాల?"

అని నా వైపు తిరిగాడు. కోపం లేదు. అడగనూ లేదు. ఊరికే చూస్తూ ఉన్నాడు. ఆ పిల్ల కూడా నా వైపే చూసింది, నేనేమైనా సాయం మాట్లాడతానేమోనని. ఒక్క వాక్యం చాలు. మీ అన్న దొంగ కాదమ్మా, ఆ పని చేసింది నేను. అంతే. ఆ ఒక్క వాక్యంతో ఆ పిల్ల కాలేజీకి వచ్చేది. వాళ్లమ్మ వినేది. షఫీ అన్న చెవికి చేరేది. నా భార్యకు చేరేది, నా కాలేజీకి చేరేది. ఈ లెక్కంతా ఒక గుక్క మజ్జిగ మింగేలోపు నా బుర్రలో తిరిగింది.

"మీ ఇష్టం. ఆలోచించుకోండి" అన్నాను. కరపత్రం మంచం మీద పెట్టి బండి ఎక్కాను.

ఆరేళ్ల కిందట చేసింది కుర్రతనం అనొచ్చు. అసూయ అనొచ్చు. మొన్న చేసినదాన్ని ఏమంటారు? ముప్పైకి దగ్గరపడినవాణ్ణి, పిల్లలకు పాఠం చెప్పేచోట పనిచేసేవాణ్ణి, ఎదురుగా ఒక ఆడపిల్ల చదువు పోతుంటే మజ్జిగ తాగి లేచి వచ్చినవాణ్ణి. దీనికి నా దగ్గర పేరు లేదు. మీ దగ్గరుంటే పెట్టండి.

పోయిన వారం కాలేజీ ఫోన్ నుంచి వాళ్లింటికి చేశాను. ఆ పిల్లే ఎత్తింది. "ఈ ఏడు యాడా చేరలేదు సార్. అన్నతో మేతకు పోతా ఉండాను" అంది. గొంతులో నా మీద కోపమేమీ లేదు. సార్ అంటూనే ఉంది. నేను చెబుదామని నోరు తెరిచి, వచ్చే ఏడు రావాలమ్మా అని పెట్టేశాను.

కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మాలకొండయ్య దొంగ కాదు. ఆ సెట్టింగ్ మార్చింది నేను. నాకు పేరు తెచ్చిన ఆట అతనిది. ఇది మీకు చెప్పడం తేలిక, ఎందుకంటే మీరు నాకేమీ కారు. చెప్పవలసినవాళ్లు ముగ్గురు ఆ ఇంట్లో ఉన్నారు. ఉదయగిరి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మా వీధి మొదట్లోంచే పోతుంది. ఇవాళ రెండూ పోయాయి.

ఇంతసేపూ రాస్తుంటే గొంతులో ఆ అడ్డం కొంచెం జరిగింది. అబద్ధం ఎందుకు, హాయిగానే ఉంది. ఆ పిల్ల ఎండలో గొర్రెల వెంట తిరుగుతుంటే, ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని నాలుగు కాగితాలు నింపినందుకు నాకు హాయిగా ఉంది. ఇంత చవగ్గా తేలికపడే మనిషిని నేను.