ఏసురాజు నంబరు

పెనుగొండలో ఏ ఇంటికైనా దొంగల అలారం ఉందంటే దాని తీగలు లాగినవాడు ఏసురాజే. రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసుకుంటూ బతికినవాడు, అవి మూలపడ్డాక ఈ పనిలోకి దిగాడు. ఇరవై ఏళ్లలో నలభై ఒక్క ఇళ్లకు బిగించాడు. ఎలుక తీగ కొరికినా, పిడుగు పడి పెట్టె మాడినా, గుమ్మానికి మామిడాకులు కడుతూ ఎవరో తలుపు మీది అయస్కాంతం ఊడగొట్టినా సైకిలేసుకుని అతనే వెళ్లాలి. ఆదివారం ఆరాధన మధ్యలోంచి లేచి వెళ్లిన రోజులున్నాయి. అందుకు భార్య మెర్సీ అతన్ని ఈనాటికీ సాధిస్తూనే ఉంటుంది.

అలాంటివాడికి మాటమాత్రం చెప్పకుండా బంగారం కొట్టు గంగాధర్ రాజమండ్రి నుంచి రమేష్ బాబనే టెక్నీషియన్ని పిలిపించాడు. ఇంటి కాపలా అంతా ఇక ఫోన్లోనే చూసుకోవచ్చట. ఆ కబురు విని ఏసురాజుకి ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పదకొండింటికి గంగాధరే ఫోన్ చేశాడు. గోడల్లోని పాత తీగలు అలాగే ఉంచి, పాత పెట్టెలో ఫోన్‌కి కలిపే చిన్న బోర్డు పెట్టాలి. అందుకు మాస్టర్ కోడు కావాలి. ఇంటివాళ్లు రోజూ నొక్కే నంబరు వేరు, ఇది వేరు. ఇది నొక్కితే అలారం మొత్తం నొక్కినవాడి చేతిలో ఉంటుంది. బిగించినవాడికి తప్ప ఎవరికీ తెలియదు.

చచ్చినట్టు నా దగ్గరికే వచ్చారు కదా అనుకుని, ఏసురాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాడు.

"ఆ కోడేంటో చెప్పేసి వెళ్లు ఏసురాజూ. ఆయన టైం వేస్టవుతోంది," అన్నాడు గంగాధర్, కూర్చోమని కూడా అనకుండా.

"చెప్పకూడదండి. నేనే నొక్కుతాను."

"మా ఇంటి నంబరు మాకు చెప్పడానికి నీకేంటి నొప్పి?"

నొప్పి ఉంది. అది పొగరనుకున్నాడు గంగాధర్. సగం పొగరే, కాదనను. మిగతా సగం భయం. నలభై ఒక్క ఇళ్లకీ ఏసురాజు పెట్టింది ఒకటే నంబరు. కాగితం మీద రాసుకుంటే ఎవరి చేతిలోనైనా పడుతుందని, అన్ని నంబర్లు బుర్రలో నిలవవని, మొదటి ఇంటికి పెట్టిందే అందరికీ పెట్టుకుంటూ పోయాడు. పెద్ద తప్పు. ఇరవై ఏళ్లు ఎవరి కంటా పడలేదు కాబట్టి అతనికి తప్పనిపించలేదంతే. ఇప్పుడది పైకి చెబితే, ముక్కూమొహం తెలియని మనిషికి ఊళ్లో ఇళ్లన్నీ అప్పజెప్పినట్టే.

"పెద్దాయన సెంటిమెంటు సార్, కానివ్వండి," అని రమేష్ బాబు నవ్వాడు. ఆ నవ్వుకి ఏసురాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇద్దర్నీ వరండాలోకి పొమ్మని, హాలు తలుపు దగ్గరగా వేసి ఆరంకెలూ నొక్కాడు.

బయటికి వచ్చేసరికి గంగాధర్ ఫోన్ చూస్తున్నాడు. అందులో ఏసురాజు వేళ్లు. పొద్దున్నే పెట్టెకి పైన కొత్త కెమెరా బిగించారు, కోపంలో అతను తలెత్తి చూడలేదు. గంగాధర్ వీడియో వెనక్కి జరుపుకుంటూ ఒక్కో అంకే పైకి చదువుతున్నాడు. రమేష్ బాబు వింటున్నాడు.

"చదవకండి గంగాధర్ గారూ! అది చెరిపేయండి!"

"నా ఇంట్లో నాకేంటి దాపరికం?"

"ఊళ్లో అన్నిళ్లకీ అదేనండి!"

అనేశాడు. గంగాధర్ కుర్చీలోంచి లేచాడు. "అంటే ఇన్నేళ్లూ మా అందరి ఇళ్లూ జేబులో పెట్టుకుని తిరిగావన్నమాట."

"తప్పేనండి. సాయంత్రానికల్లా అన్నీ మార్చేస్తాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను."

"ముందు బయటికి నడు."

ఎండలో సైకిలు తొక్కుకుంటూ ఇల్లిల్లూ తిరిగాడు ఏసురాజు. మొదటి రెండిళ్లలో తప్పు ఒప్పుకుని, తిట్లు తిని, నంబర్లు మార్చాడు. మూడో ఇంటికి అతనికంటే ముందే వీడియో వెళ్లింది. వర్తకుల వాట్సాప్ గ్రూపులో గంగాధర్ పెట్టేశాడు, అంకెలతో సహా! ఊరిని ఉద్ధరిస్తున్నాననుకున్న ఆ పెద్దమనిషికి, ఆ అంకెలు ఎక్కడెక్కడికి పోతాయో ఆలోచించే తీరిక లేకపోయింది. మూడో ఇంటాయన ఏసురాజు చొక్కా పట్టుకుని గేటు బయటికి నెట్టాడు.

నాలుగోది బుల్లెమ్మగారిల్లు. భర్త పోయాక ఆవిడ ఒక్కరే ఉంటున్నారు. ఏసురాజు ఎప్పుడొచ్చినా "తలుపు తీసే ఉంది, వచ్చెయ్ నాయనా" అని వంటింట్లోంచే కేకేసే మనిషి. ఇవాళ తలుపు వేసి ఉంది.

"బుల్లెమ్మగారూ, నేనండి, ఏసురాజుని. మీ నంబరు అందరికీ తెలిసిపోయిందండి. మార్చాలండి."

"ఇంట్లో ఎవరూ లేరు," అన్నారు బుల్లెమ్మగారు లోపలినుంచి.

"తలుపు తీయొద్దులెండి. ఎలా మార్చాలో ఇక్కణ్ణుంచే చెబుతాను, మీరే నొక్కుకోండి. నేను చూడనండి."

కాసేపటికి లోపల నాలుగుసార్లు కీచుమంది. అది అతను బిగించిన పెట్టే. బుల్లెమ్మగారు అతనికి భయపడి అలారం వేసుకున్నారు.