గుమ్మడిదల వాగు ఇసుకలో సుత్తి దెబ్బలు

ఆ ఎండాకాలం నేను గుమ్మడిదల వైపు వెళ్లడానికి కారణం అక్కడి రైతు యాదమ్మ. తన బావి నీళ్లు కంపు కొడుతుంటే వేరేచోట బోరు వేయిద్దామనుకుంది. ఎక్కడ వేయాలో చూసి చెప్పమని మా సర్వే ఆఫీసుకు వచ్చి అడిగింది.

పొద్దున్నే పటాన్‌చెరులో బస్సు దిగి, తోటి ఉద్యోగి డేవిడ్, నేను ఆటో మాట్లాడుకున్నాం. సుత్తి, ఇనుప పలక, తీగచుట్టలు, కొలిచే పెట్టె చూసి డ్రైవర్ మొహం చిట్లించాడు.

"గింత బరువా సార్? కిరాయి డబల్ అయితది."

సరేనన్నాం. ఫ్యాక్టరీల మధ్య గతుకుల రోడ్డు. దిగేసరికే నడుం పట్టేసింది.

నేలలో వరుసగా సెన్సర్లు గుచ్చి, చివర పలక మీద సుత్తితో కొడతాం. ఆ అదురు భూమిలో ఎంత వేగంగా పోయిందో పెట్టె చూపిస్తుంది. పొడి ఇసుకలో రేణువుల మధ్య గాలి ఉంటుంది కాబట్టి అదురు నెమ్మదిగా పోతుంది. నీళ్లు పూర్తిగా నిండినచోట వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. కాస్త గాలి మిగిలినా అంత పెరగదు. లారీ పోయినప్పుడల్లా నేల అదిరి కొలత చెడిపోయేది. మళ్లీ సుత్తి ఎత్తాలి. మధ్యాహ్నానికి డేవిడ్ అరచేతులు బొబ్బలెక్కాయి.

మెట్ట చేనులో రాయి తగిలేదాకా నెమ్మది వేగమే. వాగు పక్కన మాత్రం మనిషి లోతులోనే వేగం పెరిగింది.

"ఇక్కడ ఇసుక నిండా నీళ్లున్నాయమ్మా," అన్నాను.

యాదమ్మ నవ్వలేదు. "మంచి నీళ్లేనా సారూ?"

"అది ఈ పెట్టె చెప్పలేదమ్మా."

"గట్లయితె ఇప్పుడే సూద్దాం," అంటూ ఆమె భర్త రాములు పార అందుకున్నాడు. ఓపిక లేకపోయినా మేమూ ఇసుక తోడాం. పెట్టె చూపిన లోతులోనే చెలమలో నీళ్లు ఊరాయి. యాదమ్మ దోసిట్లోకి తీసుకుని వాసన చూసి, మెల్లగా వదిలేసింది.

"అదే కంపు సారూ. ఇగ బోరెందుకు?"

తర్వాత ఆమే ఇంట్లోంచి ట్యాంకర్ నీళ్లు చెంబుతో తెచ్చిచ్చింది. సగం తాగి తిరిగిచ్చేశాను.

తిరుగు బస్సులో సీటు దొరికినా కన్ను మూతపడలేదు. మా కొలత తప్పలేదు. ఇన్నేళ్లు నేర్చుకున్న పని సరిగ్గానే చేశాం. ఆ ఇంటికి మాత్రం ఒక్క బిందె నీళ్లు ఇవ్వలేకపోయాం. ఆ ఏడు వాళ్లు పంట వేయలేదనీ, రాములు ఫ్యాక్టరీ కూలికి పోతున్నాడనీ తర్వాత తెలిసింది.

మీరూ ఇలాంటి సర్వే చేయించాలనుకుంటే, ముందు చుట్టుపక్కల బావుల్లోంచి ఒక సీసా నీళ్లు పరీక్షకు పంపండి. అవి బాగున్నాయని తేలాకే మాలాంటివాళ్లను పిలవండి.