దవడన పెట్టిన తంబాకు

1976, వానాకాలం. గోదావరిఖనిలో ఒక దవాఖానలో నేను ఆయాను. నా పెనిమిటి బొగ్గుబావిలో కప్పు కూలి చనిపోయాక దొరికిన పని అది. నా చదువు సంతకం వరకే. మందుల పేర్లు చదవలేను గాని రోగి నోరు కడగడం, పక్క మార్చడం, దుప్పట్లు మార్చడం నాకు బాగా వచ్చు.

ఆ ఏడే మా వార్డుకు వెంటిలేటర్ వచ్చింది. మనిషి తనంతట ఊపిరి తీసుకోలేనప్పుడు గొట్టం గుండా గాలి కొట్టే మిషను. అది పెట్టిన మనిషికి పెద్ద గండం న్యుమోనియా, అంటే ఊపిరితిత్తుల్లో తెమడ, చీము చేరి జ్వరం రావడం. మిషను నిలబెట్టిన ప్రాణాన్ని అది తీసుకుపోతుందని డాక్టరుగారు ముందే చెప్పారు. అది రాకుండా చూసే పనులు మాత్రం మామూలువే. రోగిని ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడగాలి. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయాలి. పూటపూటకూ నోరు తుడవాలి. గొంతులో చేరిన తెమడను రూతమ్మ సిస్టరు సక్షన్ మిషనుతో లాగేది.

రాజయ్య బొగ్గు నింపే కార్మికుడు, ముప్పై ఏళ్ళుంటాయి. కింద పడుకుంటే కట్లపాము కరిచింది. రెప్పలు వాలిపోయి ఒళ్ళంతా చచ్చుబడింది. ఊపిరి ఆగేలా ఉంటే గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి, గొట్టం వేసి, మిషనుకు తగిలించారు.

"విషం కొద్దిరోజుల్లో దిగిపోతుంది. అప్పటిదాకా ఛాతీ పాడవకుండా చూసుకోవాలి" అన్నారు డాక్టరుగారు.

రాజయ్య భార్య మల్లమ్మ మంచం వదిలేది కాదు. మొదటిరోజే ఆమెకు గట్టిగా చెప్పాను.

"మల్లవ్వా, ఏం తినిపియ్యకు. నీళ్ళు గూడ తాపకు."

"సరే అక్క."

నాలుగోరోజు రాజయ్య వేళ్ళు కదిలాయి. మల్లమ్మ వార్డంతా తిరిగి చెప్పుకుంది. ఐదోరోజు మధ్యాహ్నం నోరు తుడుస్తుంటే గుడ్డకు నల్లగా, ఎర్రగా అంటింది.

"అయ్యో, రక్తం! కడుపులోంచి వస్తున్నట్టుంది" అంటూ సిస్టరు డాక్టరుగారి కోసం పరుగెత్తింది.

నేను గుడ్డను వాసన చూశాను. అది రక్తం కాదు. నా పెనిమిటి అంగీ జేబు నుంచి ఏళ్ళ తరబడి వచ్చిన వాసనే. బావిలో బీడీ ముట్టించనివ్వరు, నిప్పుకు గ్యాసు అంటుకుంటుందని. అందుకే కార్మికులు తంబాకు, అదే పొగాకు, సున్నంతో నలిపి దవడన పెట్టుకుంటారు. రాజయ్య దవడలోకి వేలు పెట్టి చూస్తే ఉండ తగిలింది. సిస్టరు వచ్చి సక్షన్ పెడితే గొంతు గొట్టంలోంచి కూడా అదే రంగు వచ్చింది. రసం కిందికి దిగింది.

"మల్లవ్వా, గిదేంది? ఏం తినిపియ్యకన్ననా లేదా?"

"నేనేం తినిపిచ్చిన? తంబాకు తినేదా ఏంది? దవడకు పెట్టిన, అంతే. బొటనవేలు కదిలిస్తుండు. తంబాకు నలిపినట్టే ఉంటే, అడుగుతుండనుకున్న. నాకుగాక ఎవలికి తెలుస్తది ఆయన సంగతి?"

"నీ తెలివి పాడుగాను! మింగరానోనికి తంబాకా?"

"ముందు ఈమెను బయటికి పంపించండి" అంది సిస్టరు.

సాయంత్రానికి రాజయ్య ఒళ్ళు జ్వరంతో కాలిపోయింది. డాక్టరుగారు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విని, కుడివైపు కింద చెమ్మ చేరిందన్నారు. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మల్లమ్మను మళ్ళీ లోపలికి రానివ్వమని నేనే అడిగాను.

"తప్పు నాది గూడ ఉంది సార్. వద్దని చెప్పిన గాని ఎందుకు వద్దో చెప్పలే."

ఆయన సరేనన్నారు. మల్లమ్మ చెయ్యి పట్టుకుని రాజయ్య ఛాతీ మీద పెట్టాను.

"ఆయనకు మింగుడు రాదు. నోట్లె ఊరిన నీళ్ళు గొట్టం పక్కపొంటి జారి ఇగో, గీడికి దిగుతయి. నోట్లె ఏది పెట్టినా ఊపిరితిత్తులల్ల పెట్టినట్టే."

ఆమె చాలాసేపు ఏడ్చింది. తర్వాత కోపంగా నా మొహం చూసింది.

"గా ముచ్చట మొదటిరోజే చెప్తే నేను పెడుదునా అక్క?"

లేచి సబ్బు తెచ్చి, చేతులు కడుక్కొమ్మన్నాను.

ఆ రోజు నుంచి నోరు తుడిచే పని ఆమె చేతికిచ్చాను. నాకంటే శుభ్రంగా తుడిచేది. ఇటుకలు కదిలాయేమోనని వంగి చూసుకునేది. మూడోరోజుకు జ్వరం తగ్గింది. ఇంకొన్ని రోజులకు రాజయ్య తనంతట ఊపిరి తీసుకున్నాడు. గొట్టం తీసిన పూట మల్లమ్మ వేలు చూపించి బెదిరించింది.

"ఇగ తంబాకు పేరెత్తినవనుకో, మళ్ళ ఆ పాముకే అప్పజెప్త!"

రాజయ్య నవ్వబోయి దగ్గాడు. ఇక తెమడను తనే దగ్గి బయటికి తోసుకోగలడని, ఆ దగ్గు విని డాక్టరుగారు కూడా సంతోషపడ్డారు.

నేను 'తినిపియ్యకు' అన్నాను. బావి మనుషుల ఇళ్ళలో తంబాకును ఎవరూ తిండి కింద లెక్కెయ్యరని నాకు తెలుసు, అయినా దాని సంగతి విడిగా చెప్పాలని తోచలేదు. తర్వాత వార్డులో ఎవరికి ఏం చెప్పినా, "నీకేం సమజైందో ఒక్కసారి నాకు చెప్పు" అని అడిగేదాన్ని. కొందరు విసుక్కునేవారు. విసుక్కోనీ అనుకునేదాన్ని. వాళ్ళకు ఏం అర్థమైందో, రేపు రోగి నోటికి చేరేది అదే.