బొంతలో మొదటి వరస

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట ఒప్పుకోవడానికి యాభై ఎనిమిదేళ్ళు పట్టింది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. నన్ను మంచిదాన్ని అనుకుని చదవడం మొదలుపెట్టి, మధ్యలో ఎవరూ నొచ్చుకోకూడదు.

మా సామర్లకోటలో మేం ఏడుగురు ఆడవాళ్ళం గురువారం మధ్యాహ్నాలు బొంతలు కుడతాం. వంటింటి పని తెమిలాక, రెండింటికల్లా మామ్మగారింటి హాల్లో చేరతాం. మామ్మగారికి ఎనభై దాటాయి. సూదిలో దారం ఎక్కించలేరు గానీ, బొంత తిరగేసి వెనకవైపు వేలితో తడిమితే ఏ వరస ఎవరు కుట్టారో చెప్పేస్తారు. ఉతికి ఉతికి మెత్తబడిన నేత చీరలు నాలుగు పొరలుగా పరిచి, నడిమధ్య ఒక పువ్వు ముక్క అతికి, దాని చుట్టూ వరస మీద వరస కుట్టుకుంటూ అంచుదాకా వస్తాం. తెలిసినవాళ్ళింట్లో ఎక్కడ పురుడొచ్చినా మా బొంత వెళ్ళాల్సిందే.

పువ్వు చుట్టూ వేసే మొదటి వరస మాత్రం అందరికీ దక్కదు. అది వంకరపోతే దాన్ని చూసి వేసే వరసలన్నీ వంకరపోతాయి. అందుకని ఎవరి చెయ్యి బావుంటే వాళ్ళకే మామ్మగారు దారం రీలు అందిస్తారు. పన్నెండేళ్ళుగా ఆ రీలు నాకే అందేది. మా ఆయనకి బజార్లో బట్టల కొట్టు ఉంది. ఊళ్ళో నేను ఆ కొట్టాయన భార్యని, మా అమ్మాయికి అమ్మని. ఆ రీలు పట్టుకున్న రెండు గంటలు మాత్రం నేను నేనే. ఇది చిన్న విషయమని మా ఆయన నవ్వేవారు. ఆయన కొట్టుకి ఎదురుగా ఎవరో ఇంకో బట్టల కొట్టు తెరిచినప్పుడు ఆయనెంత నవ్వారో నాకు తెలుసు.

మూడేళ్ళ క్రితం ఆవిడ వచ్చింది. భర్తది బ్యాంకు ఉద్యోగం, కోనసీమలో అమలాపురం నుంచి బదిలీ మీద వచ్చారు. మొదటి గురువారం ఓ మూల కూర్చుని, “నాకు పెద్దగా రాదండీ, మా ఊళ్ళో ఏదో కాలక్షేపానికి కుట్టుకునేదాన్ని,” అంది. గంట తర్వాత ఆవిడ కుట్టు చూశాను. ఒక్కో కుట్టూ నువ్వుగింజంత ఉంది. ఎక్కడా ఎడం పెరగలేదు, తగ్గలేదు. తిరగేస్తే ఏది పైవైపో ఏది వెనకవైపో తెలియలేదు. కళ్ళజోడు పెట్టుకుని మరీ తప్పు వెతికాను. దొరకలేదు, అందుకు ఇంకా కోపం వచ్చింది.

పోనీ మనిషైనా గర్విష్ఠి అయితే తిట్టుకోవడానికి వీలుండేది. అదీ లేదు. వచ్చేటప్పుడు జంతికలు తెచ్చేది, అవి కూడా బావుండేవి. “అక్కయ్యగారండీ, ఈ మూల ఎలా తిప్పాలో కాస్త చెప్పరూ,” అని నన్నే అడిగేది. నాకు తెలుసు, ఆ మూల ఆవిడకి నాకంటే బాగా వచ్చు. నేను చెప్పేదాన్ని, ఆవిడ తలూపేది. ఇంటికెళ్ళి అన్నం సహించేది కాదు నాకు.

ఇంతలో మా అమ్మాయి ఏడో నెలలో పురిటికి వచ్చింది. మా గుంపులో ఒక కట్టుబాటు ఉంది. ఎవరింట్లో బిడ్డకి బొంత కుడుతున్నామో, ఆ ఇంటి అమ్మమ్మ గానీ నాయనమ్మ గానీ దాని మీద సూది వెయ్యకూడదు. సొంతవాళ్ళ దిష్టే ముందు తగులుతుందని మామ్మగారి నమ్మకం. చీరలివ్వాలి, టీ పెట్టాలి, చేతులు కట్టుకుని చూడాలి. సరే, మొదటి వరస నేనెలాగూ కుట్టకూడదు కదా, మా పక్కింటావిడ కుడితే బావుంటుందని అనుకున్నాను. ఆవిడ చెయ్యి మంచిదే, నా అంత కాదు. ఎందుకలా అనుకున్నానో విడమరచి చెప్పనక్కర్లేదు.

బొంత మొదలుపెట్టే గురువారం మా అమ్మాయి కూడా నాతో వచ్చింది. కాళ్ళు చాపుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. పాత బొంత ఒకటి ఒళ్ళో వేసుకుని చూస్తూ, కోనసీమ ఆవిడ వరస దగ్గర ఆగిపోయింది.

“అబ్బ, ఇదెలా కుట్టేరండీ ఆంటీ? మిషను మీద కుట్టినట్టుంది! మామ్మగారూ, మా పాపకి మొదటి వరస ఈ ఆంటీ చేతే వేయించండి. అమ్మ కంటే బాగా కుడుతున్నారు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పక్కింటావిడ నా వైపు చూసి వెంటనే సూది వెతుక్కుంది. మామ్మగారు రీలు కోనసీమ ఆవిడకి అందించారు. నేను టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్ళి, పాలు పొంగిపోతున్నా అలాగే నిలబడ్డాను. కన్న కూతురు, అందరి ముందూ.

ఆరు రోజులు ఓర్చుకున్నాను. బుధవారం మధ్యాహ్నం టీ గ్లాసులు తిరిగిచ్చే సాకుతో మామ్మగారింటికి వెళ్ళాను. ఆవిడ భోంచేసి పడుకున్నారు. బొంత హాల్లో బల్ల మీద మడతపెట్టి ఉంది. విప్పి, పువ్వు చుట్టూ కోనసీమ ఆవిడ కుట్టిన వరస బ్లేడుతో తెంపి, దారం మొత్తం లాగేశాను. నా ఉద్దేశం ఏమిటంటే, దాని చోట వంకరటింకరగా ఒక వరస కుట్టి పోవాలని. మర్నాడు అందరూ చూస్తారు, మా అమ్మాయి కూడా చూస్తుంది, ఆవిడ పేరు పోతుంది.

నాలుగు కుట్లు వంకరగా వేశాను. ఐదోది పడలేదు. దీని మీద పడుకునేది నా మనవరాలో మనవడో అని అప్పుడు గుర్తొచ్చింది. ఆ నాలుగూ విప్పేసి, మళ్ళీ మొదలుపెట్టి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుట్టాను. అంత బాగా ఎప్పుడూ కుట్టలేదు. ఆవిడ కుట్టంత చిన్నగా వచ్చింది, ఎడం కూడా కుదిరింది. అయ్యేసరికి నాలుగున్నర అయింది. మామ్మగారు లోపల దగ్గుతుంటే గబగబా మడతపెట్టి వచ్చేశాను. ఆవిడ కుట్టుకీ దీనికీ తేడా ఎవరూ కనిపెట్టలేరని దారి పొడుగునా ధైర్యం చెప్పుకున్నాను. అక్కడే తప్పు చేశాను. దారం ముగించేటప్పుడు అందరూ ముడి వేస్తారు. నేను మాత్రం వెనకవైపు రెండు చిన్న కుట్లు అడ్డంగా ఒకదాని మీద ఒకటి వేసి తెంపుతాను. ముప్పయ్యేళ్ళ అలవాటు, చెయ్యి దానంతట అదే వేసేసింది.

గురువారం మామ్మగారు బొంత తిరగేసి తడుముతున్నారు. వేలు పువ్వు చుట్టూ తిరిగి తిరిగి ఒకచోట ఆగింది. ముందుకీ వెనక్కీ రెండుసార్లు రాసి చూశారు. ఆ రెండు అడ్డకుట్లు ఎవరివో అక్కడ తెలియనివాళ్ళు లేరు. అమ్మమ్మ సూది పడిందని, దొంగతనంగా పడిందని అందరికీ ఒకేసారి అర్థమైంది. నాకు తల కొట్టేసినట్టయింది. మా అమ్మాయి ఆ రోజు రాకపోవడం ఒక్కటే నా అదృష్టం.

“ఇది...” అన్నారు మామ్మగారు.

“నేనేనండి,” అంది కోనసీమ ఆవిడ. “మొన్న వేసిన దారం వదులుగా ఉందనిపించిందండి. నిన్నొచ్చి విప్పి మళ్ళీ కుట్టేను. ముడేస్తే పాపాయి ఒంటికి గుచ్చుకుంటాదని, అక్కయ్యగారు ముగించే పద్ధతి చూసి అలా ముగించేనండి. తప్పయితే తీసేస్తాను.”

మామ్మగారు ఆవిడని చూశారు, నన్ను చూశారు. “అక్కర్లేదమ్మా. బావుంది,” అని రెండో వరసకి రీలు పక్కింటావిడకి ఇచ్చారు.

కోనసీమ ఆవిడ నా వైపు చూడలేదు. జంతికల డబ్బా మూత తీసి అందరి మధ్యా పెట్టింది. కుట్టులో నన్ను దాటింది సరే. మంచితనంలో కూడా దాటేస్తే నాకిక మిగిలేదేమిటి? కృతజ్ఞతతో కళ్ళు చెమర్చాయని రాస్తే బావుంటుంది గానీ, అబద్ధమవుతుంది. ఆ పూట ఆవిడ మీద నాకు పుట్టిన అసూయ ముందు, అంతకుముందు రెండేళ్ళదీ ఏ మూలకీ రాదు.

మనవరాలు పుట్టింది. పదకొండో రోజు దాటాక బొంత మీద పడుకోబెట్టాం. మా అమ్మాయి పక్కనే ఒత్తిగిలి, పువ్వు చుట్టూ ఉన్న వరస మీద వేలు పెట్టి నెమ్మదిగా తిప్పుతూ వెళ్ళింది.

“చూశావా అమ్మా, ఆంటీ ఎంత శ్రద్ధగా కుట్టేరో. మిగతావన్నీ వట్టి కుట్లే, ఇది చూడు, ఎవరో సొంత మనిషి కుట్టినట్టు లేదూ? నా తరఫున ఆవిడకి థాంక్స్ చెప్పు.”

“చెప్తాన్లే,” అన్నాను.

చెప్పలేదు. పాపకి ఇప్పుడు ఏడు నెలలు. ఇప్పటికీ చెప్పలేదు. అది నాకు రావలసిన మాట, నా దగ్గరే ఉంచుకున్నాను. ఆవిడ మాత్రం గురువారం గురువారం నా పక్కన కూర్చుని, “పాపాయికి బొంత మెత్తగా ఉందాండీ, ఎక్కడా గుచ్చుకోవట్లేదు కదా?” అని అడుగుతూనే ఉంది.